అమెరికా నుంచి వచ్చిన చుక్కల చక్రం మా ఊరి ఆకాశంతో కలవడం లేదు, ఏం చేయాలి?

నంద్యాల దగ్గరి పల్లె నుంచి, జనవరి 13, 2026

అందరికీ నమస్కారం. సంక్రాంతికి వస్తూ మా తమ్ముడు మా పాపకి తిరిగే నక్షత్ర పటం తెచ్చాడు. రెండు గుండ్రటి అట్టలు, మధ్యలో ఒక రివెట్. కింది అట్ట మీద చుక్కలు, అంచున నెలలూ తేదీలూ. పై అట్టకి కోడిగుడ్డు ఆకారంలో కిటికీ, అంచున గంటలు. ఈ రోజు తేదీకి ఎదురుగా రాత్రి 8 గంటలు తెచ్చి పెడితే కిటికీలో కనిపించేదే ఇప్పటి ఆకాశమట.

పెట్టాం. డాబా ఎక్కాం. ఏదీ కలవలేదు. పటంలో తూర్పు ఎడమ చేతి వైపు, పడమర కుడి చేతి వైపు ఉన్నాయి. అచ్చు తప్పేమో అనుకున్నాను. ఈశాన్యంలో సప్తర్షి మండలం ఉందని పటం చెబుతోంది, ఇక్కడ ఆ మూల ఒక్క చుక్కా లేదు. పాపకి తొమ్మిదేళ్లు. ఎంతో ఆశగా పైకి వచ్చింది, ముఖం చిన్నబుచ్చుకుని దిగింది. ఎలా వాడాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

హైదరాబాదు నుంచి

అచ్చు తప్పు కాదండీ. భూమి పటం కిందికి చూసే పటం, బల్ల మీద పెట్టి చూస్తాం. ఇది పైకి చూసే పటం. అట్టని తల మీదికి ఎత్తి, చుక్కల వైపు కిందికి వచ్చేలా పట్టుకుని, "నార్త్" అన్న అంచుని ఉత్తరానికి తిప్పండి. తూర్పు తూర్పుకే వస్తుంది.

ఎప్పుడూ తల మీద పట్టుకుంటే మెడ నొప్పి పుడుతుంది. అందుకని ఎటు తిరిగి నిలబడితే ఆ దిక్కు పేరున్న అంచు కిందికి వచ్చేలా అట్టని ముఖానికి ఎదురుగా పట్టుకోండి. దక్షిణానికి తిరిగితే "సౌత్" అంచు కింద. కిటికీ అంచు అంటే ఆకాశం నేలని తాకే గీత. కిటికీ మధ్య అంటే నడినెత్తి. ఈ ఒక్కటి పిల్లలకి ముందు చెప్పండి, మిగతాది వాళ్లే పట్టేస్తారు.

వెలుతురు సంగతి కూడా చూసుకోండి. సెల్ టార్చి తెల్లగా వేస్తే కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. పండగ కదా, ఇంట్లో ఎర్ర గాలిపటం కాగితం ఉంటుంది. రెండు మడతలు వేసి టార్చి మీద రబ్బరు బ్యాండుతో కట్టండి.

నంద్యాల దగ్గరి పల్లె నుంచి

మీరు చెప్పినట్టే చేశామండీ. చాలా తేడా వచ్చింది! వరసగా మూడు చుక్కలు పాపే పట్టుకుంది, పటంలో ఓరియన్ నడుము అవి. నడినెత్తిన గుంపుగా ఉన్నవి కృత్తికలని మా అమ్మ చెప్పింది. ఆమె పిల్లలకోడి అంటుంది. పటంలో అక్కడ ప్లయడీస్ అని ఉంది.

కానీ మూడు సందేహాలు అలాగే ఉన్నాయి. ఒకటి, సప్తర్షులు ఇంకా లేరు. రెండు, ఆగ్నేయంలో సిరియస్ అనే పెద్ద చుక్కకి కింద, నేలకి దగ్గరగా బాగా వెలిగే చుక్క ఒకటుంది, పటంలో లేనే లేదు. మూడు, తూర్పున అన్నిటికంటే పెద్దగా వెలుగుతున్న ఇంకొకటి. అదీ పటంలో లేదు.

కాకినాడ నుంచి, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ని

అట్ట వెనక చూడండమ్మా, అక్షాంశం రాసి ఉంటుంది. 40 డిగ్రీలనో, 40 నుంచి 50 అనో ఉండాలి. మీ నంద్యాల పదిహేనున్నర డిగ్రీల దగ్గర ఉంది. మీ మొదటి రెండు సందేహాలకీ జవాబు అదే.

ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున కనిపిస్తుందో అదే ఆ ఊరి అక్షాంశం. న్యూయార్క్‌లో అది దాదాపు 41 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మీకు పదిహేనున్నర. చెయ్యి చాచి పిడికిలి పడితే అడ్డంగా సుమారు పది డిగ్రీలు, అంటే మీ డాబా మీద నుంచి ఉత్తరాన పిడికిలిన్నర ఎత్తు. అక్కడ ధ్రువం అంత పైన ఉంటుంది కాబట్టి సప్తర్షులు దాదాపు అస్తమించకుండా దాని చుట్టూ తిరుగుతారు. మనకి ధ్రువం కింద ఉంది, వాళ్లు రోజూ నేల కిందికి దిగి మళ్లీ పైకి రావాల్సిందే. ఈ రోజుల్లో మీకు ముందరి రెండు చుక్కలు రాత్రి 10 గంటలకి ఈశాన్యంలో పిడికిలిన్నర ఎత్తుకి వస్తాయి. ఏడూ కనిపించాలంటే పదకొండున్నర దాటాలి.

ఉత్తరాన మనం పోగొట్టుకున్నది దక్షిణాన రెట్టింపు దొరుకుతుంది. సిరియస్ కింద మీరు చూసింది అగస్త్యుడు. ఇంగ్లిషులో కనోపస్. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంత కాంతి ఉన్న నక్షత్రం ఇంకోటి లేదు. ఖగోళ మధ్యరేఖకి, అంటే భూమధ్యరేఖకి నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకి, 53 డిగ్రీలు దక్షిణాన ఉంది కాబట్టి 40 డిగ్రీల అక్షాంశంలో అది ఉదయించనే ఉదయించదు. ఉదయించని చుక్కని అక్కడి పటంలో ఎందుకు వేస్తారు? మీరు రాత్రి 11 గంటలకి సరిగ్గా దక్షిణానికి తిరగండి, రెండు పిడికిళ్ల పైన ఉంటుంది. అంత పెద్ద నక్షత్రం పిల్లలకి పటంలో దొరక్కపోవడం నాకు బాధగా ఉంటుంది. మన పిల్లలకి కొనిచ్చే పటం మన అక్షాంశానికి తగినదై ఉండాలి.

ఇది కొత్త సంగతేం కాదు. ఈ చక్రానికి తాత లాంటి ఇత్తడి యంత్రం ఆస్ట్రోలేబ్. 1370లో మహేంద్ర సూరి అనే జైన పండితుడు దాని మీద సంస్కృతంలో "యంత్రరాజం" రాశాడు. ఆ యంత్రంలో ఒక్కో అక్షాంశానికి ఒక్కో పలక వేరుగా ఉండేది, ఊరు మారితే పలక మార్చుకునేవాళ్లు.

హైదరాబాదు నుంచి

మూడోది నేను చెప్తానండీ. అది గురుగ్రహం. జనవరి 10న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చింది, అందుకే సూర్యుడు కుంకగానే తూర్పున లేస్తోంది. మిథునంలో పునర్వసు జంటకి దగ్గరగా ఉంది, పటంలో కాస్టర్, పోలక్స్ అని చూడండి. గ్రహాలు చోటు మారుతూ ఉంటాయి కాబట్టి అచ్చు వేసిన పటంలో పెట్టరు. చంద్రుడు కూడా అంతే. పటంలో చుక్కల గీతగా వంకర వలయం ఉంటుంది, సూర్యుడి దారి అది. పటంలో లేని పెద్ద చుక్క ఆ దారి దగ్గర కనిపిస్తే గ్రహం అనుకోండి. అగస్త్యుడు ఆ దారికి చాలా దూరం, కాబట్టి గ్రహం కాదు.

డాలస్ నుంచి

మాకు ఇక్కడ 33 డిగ్రీలు, కాబట్టి ఈ పటం పెద్దగా మోసం చేయదు. కానీ గడియారం మోసం చేస్తుంది. మార్చి 8న ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు. అప్పటి నుంచి నవంబర్ దాకా గడియారంలో ఒక గంట తీసేసి పటం తిప్పాలి. మొదటి వేసవి అంతా నాకు చుక్కలన్నీ తూర్పుకి జరిగినట్టు అనిపించేది. ఇండియాలో ఈ సమస్య లేదు కదా లెక్చరర్ గారూ?

కాకినాడ నుంచి

గంట తేడా లేదు బాబూ, కానీ నిమిషాల తేడా ఉంది. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఆ గీత మా కాకినాడ దగ్గర నుంచే పోతుంది. హైదరాబాదు, నంద్యాల దానికి 4 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాలు, మొత్తం 16. నంద్యాలలో గడియారం 8:16 చూపిస్తే పటం మీద 8:00 పెట్టాలి. మొదట్లో ఇది పట్టించుకోనక్కర్లేదు, అగస్త్యుడు నడి దక్షిణానికి ఎప్పుడొస్తాడో లెక్క కట్టేటప్పుడు పనికొస్తుంది.

చుక్కలు రోజుకి సుమారు 4 నిమిషాలు ముందు లేస్తాయి, నెలకి రెండు గంటలు. కాబట్టి ఈ రోజు రాత్రి 8 గంటల ఆకాశమే ఫిబ్రవరి మధ్యలో 6 గంటలకి వస్తుంది. మన నెలల పేర్లలోనే ఇది ఉంది. కార్తీక పున్నమికి చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటాడు, అంటే కృత్తిక పొద్దు గుంకే వేళకి తూర్పున లేస్తుంది. రెండు నెలలు గడిచాయి, ఇప్పుడు 8 గంటలకి నడినెత్తిన ఉంది. మీ అమ్మగారికి పటం అవసరం లేకపోవడానికి కారణం ఇదే. ఆమెని పాప పక్కన కూర్చోబెట్టండి.

నంద్యాల దగ్గరి పల్లె నుంచి

వెనక 40 అనే ఉందండీ! మరి కిటికీ కత్తిరించి పెద్దది చేసుకుంటే సరిపోతుందా?

కాకినాడ నుంచి

సరిపోదు. దక్షిణపు చుక్కలు కింది అట్ట మీద అచ్చే వేయలేదు. కొత్తది చేసుకోవడమే మేలు, ఒక మధ్యాహ్నం పని. డిగ్రీకి అర మిల్లీమీటరు లెక్కన వేస్తే ఏ4 అట్టలో పడుతుంది.

కింది అట్టకి మధ్య బిందువు ధ్రువం. ఒక్కో చుక్క ధ్రువానికి ఎన్ని డిగ్రీల దూరమో అందులో సగం మిల్లీమీటర్లు కొలవండి. అగస్త్యుడు 143 డిగ్రీలు, అంటే 71.5 మిల్లీమీటర్లు. చుట్టూ 24 గంటల గీతలు, గంటకి 15 డిగ్రీల చొప్పున, గడియారం ముళ్లు తిరిగే వైపు అంకెలు పెరుగుతూ వేయండి. ఇవి గడియారం గంటలు కావు, ఆకాశంలో చుక్క తూర్పు పడమరలుగా ఎక్కడుందో చెప్పే కొలత, ఇంగ్లిషులో రైట్ అసెన్షన్. అగస్త్యుడిది దాదాపు 6.4 గంటలు. అంచున తేదీలు: సున్నా గంట గీత మీద సెప్టెంబర్ 22, ఆరు మీద డిసెంబర్ 21, పన్నెండు మీద మార్చి 21, పద్దెనిమిది మీద జూన్ 21. మిగతావి మధ్యలో సమంగా పంచండి. ముందు ముప్పై పెద్ద చుక్కలు చాలు.

పై దానికి ట్రాన్స్‌పరెంట్ షీట్ తీసుకోండి. కిటికీ అంచు 16 డిగ్రీల అక్షాంశానికి లెక్క కట్టాను. మధ్య నుంచి దక్షిణంగా 82 మిల్లీమీటర్లు. అక్కడ నుంచి ప్రొట్రాక్టర్‌తో 30 డిగ్రీలు పక్కకి తిరిగితే 81, 60 దగ్గర 75, 75 దగ్గర 66, 90 దగ్గర అంటే సరిగ్గా తూర్పు పడమరల దగ్గర 45, 105 దగ్గర 24, 120 దగ్గర 15, 150 దగ్గర 9, ఉత్తరాన 8. రెండు వైపులా ఇవే. బిందువులు కలిపి గీయండి. దక్షిణం కింద, తూర్పు ఎడమ చేతికి. దక్షిణపు గుర్తు మీద అర్ధరాత్రి 12 రాసి, తూర్పు వైపు 15 డిగ్రీలకి 11, 10, 9 అని వెనక్కి, పడమర వైపు 1, 2 అని ముందుకి వేయండి. మధ్యలో రంధ్రానికి టిచ్ బటన్ బాగా పనికొస్తుంది.

గంటలు ముందుకి తిప్పితే చుక్కలు తూర్పు అంచున కిటికీలోకి రావాలి, పడమర అంచున పోవాలి. తిరగబడితే ఎక్కడో కుడిఎడమలు మారాయి. ఈ పద్ధతిలో దక్షిణపు మండలాలు అడ్డంగా సాగినట్టు కనిపిస్తాయి. వృశ్చికం మరీ వెడల్పుగా వస్తుంది, కంగారు పడకండి.

నంద్యాల దగ్గరి పల్లె నుంచి, జనవరి 15

చేశామండీ. పాప, మా తమ్ముడు కలిసి ఇరవై ఆరు చుక్కలు వేశారు. పేర్లు తెలుగులోనే రాయించాను. అల్డెబరాన్ చోట రోహిణి, బీటిల్‌జ్యూస్ చోట ఆర్ద్ర, సిరియస్ చోట లుబ్ధకుడు. అలా రాశాక మా అమ్మ కూడా పటం చేతిలోకి తీసుకుంది.

నిన్న రాత్రి 11 గంటలకి దక్షిణాన, పక్కింటి వేపచెట్టు మీదుగా అగస్త్యుడు సరిగ్గా పటంలో చెప్పిన చోటే ఉన్నాడు. 18న అమావాస్య, అప్పటిదాకా వెన్నెల అడ్డం లేదు. సప్తర్షులు ఏడుగురూ పైకి వచ్చేసరికి పాప నిద్రపోయింది. ఈ రాత్రి పదకొండున్నరకి లేపమని అలారం తనే పెట్టుకుంది.