చర్చ: గాలి మారితే అన్నంలో పస తగ్గుతుందా?

గుణుపురం కోడలు:
మా ఊరి అంగన్‌వాడీలో పిల్లల బరువులు నేనే తూస్తాను. రక్తం తక్కువున్న పిల్లలు, గర్భిణులు చాలామంది. మా అత్తమ్మ ఎప్పుడూ "ఇప్పటి అన్నంలో పస లేదు" అంటుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి గింజలోనే ఇనుము, జింకు తగ్గిపోతాయని రేడియోలో విన్నాను. పంట బాగానే పండుతోంది కదా, మరి పస ఎక్కడికి పోతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

సిరొంచ సైన్స్ సార్:
నిజమే చెల్లెమ్మా. ఆరుబయట పొలంలోనే పంట చుట్టూ పైపులు పెట్టి, ఆ వాయువు వదిలి చూసిన్రు. జపాన్, ఆస్ట్రేలియా, అమెరికా ప్రయోగాలన్నీ కలిపి 2014లో లెక్క తీసిన్రు. వాయువు 550 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 550 పాళ్లు) దాపుకు చేరితే గోధుమలో జింకు 9.3 శాతం, వరిలో ప్రొటీన్ 7.8 శాతం తగ్గింది. 2018లో చైనా, జపాన్‌లలో 18 వరి రకాలు చూస్తే ఇనుము 8 శాతం పడిపోయింది. విటమిన్లు కొలిచిన రకాల్లో ఫోలేట్ అనే బీ విటమిన్ అయితే 30 శాతం తగ్గింది. గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే గోళీలో ఉండేది అదే, అందుకే ఆ అంకె చూస్తే నాకు గుబులు. ఫ్యాక్టరీలు రాకముందు ఈ వాయువు 280 ఉండె, ఇప్పుడు 420 దాటింది.

వాయువు ఎక్కువ దొరికితే మొక్క పిండిపదార్థం ఎక్కువ తయారు చేస్తది. వేరు తెచ్చే ఖనిజాలు అంత పెరగవు. చారులో నీళ్లు పోసినట్టే. ఆకు రంధ్రాలు కూడా కొంత మూసుకుంటయి, మొక్క నీళ్లు తక్కువ పీలుస్తది, నీళ్ల వెంట వేరు దాకా వచ్చే పోషకాలూ తగ్గుతయి. ఏ కారణం పాలు ఎంతనే దాని మీద శాస్త్రవేత్తల నడుమ ఇంకా వాదన నడుస్తోంది.

రాయగడ రైతు:
సార్ మాట కాదనను. కానీ అత్తమ్మగారు చెప్పినదానికి కారణం అదొక్కటే కాదు. మా చిన్నప్పుడు దంపుడు బియ్యం తిన్నాం. ఇప్పుడు తెల్లగా పాలిష్ పట్టించి, బీ1 విటమినూ ఇనుమూ తవుడుతో పశువులకు పోస్తున్నాం. వరి రకాలు మారాయి, పొలానికి గత్తం తోలడం తగ్గింది. అంతా గాలి మీదకు నెట్టేస్తే మన చేతిలో ఉన్న పని కూడా చెయ్యం.

సిరొంచ సైన్స్ సార్:
ఒప్పుకుంటున్న అన్నా. ఇవాళ్టి నష్టం ఎక్కువగా మిల్లులోనే. గాలితో పోయేది దాని మీద అదనం. పప్పు, గుడ్డు, కూర తినేటోళ్లకు తెల్వకపోవచ్చు, రేషన్ బియ్యమే తిండి అయినోళ్ల మీద పడుతది. 2050 నాటికి ప్రపంచంలో కొత్తగా 17.5 కోట్ల మందికి జింకు లోపం రావచ్చని, అందులో 5 కోట్ల మంది మన దేశంలోనే ఉంటరని 2018 నాటి అంచనా.

కొరాపుట్ చోళ్లు:
చోళ్లు (రాగులు), జొన్నలు, గంటెల (సజ్జల) సంగతి ఎవరూ ఎత్తలేదే! ఇవి సీ4 మొక్కలు. ఆ వాయువును ఆకు లోపల కూడబెట్టుకునే ఏర్పాటు వీటికి పుట్టుకతోనే ఉంది, గాలిలో పెరిగినా వరికి పడినంత తేడా పడదు. తోటకూరదీ ఇదే కోవ. 2017 నుంచి ఒడిశాలో చిరుధాన్యాల మిషన్ నడుస్తోంది, చోళ్లు మండీలో కొంటున్నారు, మా కొండల మీద మళ్లీ వేస్తున్నారు. నా బాధల్లా, పండించిన చోళ్లు అమ్మేసి ఆ డబ్బుతో తెల్లబియ్యం కొనుక్కోవడం. నాలుగు మూటలు ఇంట్లో ఉంచుకోండి బాబూ!

దెగ్లూర్ తమ్ముడు:
మా దిక్కు జొన్న చేన్లు పోయి సోయా, పత్తి వచ్చినయి. అవ్వ ఒక్కతే జొన్నరొట్టె అడుగుతది. మరి కందిపప్పు కూడా ఇట్లనే తగ్గుతదా సార్?

సిరొంచ సైన్స్ సార్:
పప్పు మొక్కలకు వేరు బుడిపెల్లో నత్రజని దొరుకుతది గనుక ప్రొటీన్ పెద్దగా పోదు తమ్మీ. జింకు, ఇనుము మాత్రం తగ్గుతయి, బఠానీలో, సోయాలో చూసిన్రు.

రాయగడ రైతు:
విత్తనం మార్చుకునేవాళ్లు కటక్ వరి సంస్థ వారి సీఆర్ ధాన్ 310 అడగండి, ప్రొటీన్ ఎక్కువ. హైదరాబాద్ నుంచి వచ్చిన డీఆర్‌ఆర్ ధాన్ 45లో జింకు ఎక్కువ. గాలికి అన్ని రకాలూ ఒకేలా తగ్గవు, తట్టుకునేదాన్ని ఎంచి పెంచాలి.

గుణుపురం కోడలు:
అందరికీ దండాలు. చోళ్ల అంబలి ఇస్తే మా పిల్లలు మూతి తిప్పుకుంటున్నారు, ఏం చెయ్యమంటారు?

కొరాపుట్ చోళ్లు:
ఉండలు కట్టండమ్మా. చోడిపిండిని సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, వేరుశనగపొడి, నువ్వులు, బెల్లంపాకం కలిపి వేడి మీదే చుట్టెయ్యండి. వేయించడంలో తొందరపడకండి, పిండి పచ్చిగా ఉంటే ఉమ్మేస్తారు.