పిల్లల ఆట ఆరాధన కిందకి వస్తుందా?

రాజోలు నుంచి:
అందరికీ వందనాలు. వేసవి సెలవుల్లో మా చర్చిలో వీబీఎస్ (పిల్లలకి సెలవుల బైబిల్ బడి) పెడతాం, పాటలు వాక్యం అయ్యాక పిల్లల్ని వెనకాల కొబ్బరితోటలో ఏడుపెంకులాట ఆడిస్తాను, మొన్న సంఘపెద్ద ఒకాయన మందిరం ఆవరణలో ఈ ఆటలేంటి అన్నారు. ఆయనంటే గౌరవమే గానీ పెంకులు నిలబెట్టి పిల్లలు కేకలేస్తుంటే దేవుడు సంతోషిస్తాడనే నాకనిపిస్తుంది. వాక్యంలో ఆధారం ఏమన్నా ఉందా?

పాలకొల్లు నుంచి:
ఉంది తమ్ముడూ, జెకర్యా 8:5 తియ్యి. యెరూషలేము మళ్ళీ బాగుపడ్డాక వీధుల నిండా పిల్లలు ఆడుకుంటారని దేవుడే మాటిచ్చాడు, దానికి పై వచనంలోనే చేతికర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు కూడా కూర్చుని ఉంటారు. మీ పెద్దాయనకి ఆ తోటలోనే కుర్చీ వెయ్యండి.

నర్సాపురం నుంచి:
104వ కీర్తన కూడా చూడండి బ్రదర్, సముద్రంలో మకరాల్ని జలకేళికే చేశాడని ఉంది. దావీదు రాజు దేవుని మందసం (నిబంధన పెట్టె) ముందు నాట్యమాడితే ఆయన భార్య మీకాలు తప్పుబట్టింది, ఆయనేమో యెహోవా సన్నిధిలో ఆడాను, ఇంకా ఆడతాను అన్నాడు (2 సమూయేలు 6).

భీమవరం నుంచి:
అన్నీ నిజమే గానీ హద్దు కూడా ఉండాలండి. ఎరిక్ లిడెల్ అనే పరుగుపందెం ఆటగాడు 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరిగెత్తనని 100 మీటర్లు వదిలేసుకున్నాడు, 400లో గోల్డ్ కొట్టాడు, మరుసటేడు చైనాకి మిషనరీగా వెళ్ళాడు. పరుగు ఆయనకి దేవుడిచ్చిందే, కానీ దేవుడి కంటే ముందు పెట్టలేదు. ఇంకోటి, ఓడిపోయిన టీముని మిగతావాళ్ళు ఏడిపించకుండా మీరు దగ్గరుండి చూసుకోండి, నాకైతే అదే ముఖ్యం.