తమ్ముడి మీద పోయిన నమ్మకం మళ్లీ వస్తుందా? పీఆర్ ఏజెన్సీ నాలుగు లక్షలు అడుగుతోంది

యూసుఫ్‌గూడ అక్క:

అందరికీ నమస్కారం. నా తమ్ముడు యూట్యూబ్‌లో కామెడీ వీడియోలు చేస్తాడు. పేరు చెప్పలేను, చెబితే చాలామంది గుర్తుపడతారు. ఆరేళ్ల కింద కృష్ణానగర్‌లో ఒక అద్దె గదిలో ఇద్దరు స్నేహితులతో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎనిమిది లక్షల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. రెండు సినిమాల్లో హీరో ఫ్రెండ్ వేషం కూడా వేశాడు. లెక్కలు, మెయిల్స్, బ్రాండ్ల వాళ్లతో మాటలు అన్నీ నేనే చూసుకుంటాను. కాబట్టి ఇందులో నా తప్పు కూడా ఉంది.

2023 ఐపీఎల్ సమయంలో ఒక బెట్టింగ్ యాప్ తరఫున ఏజెంటు వచ్చాడు. ఒక్క వీడియోకి మూడు లక్షలు ఇస్తామన్నాడు. నాన్నకి బైపాస్ అయి అప్పటికి రెండు నెలలు, ఇంట్లో అప్పుంది. సాకు కోసం చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను. ఆ వీడియోలో తమ్ముడు "రాత్రి ఐదు వందలు పెట్టా, తెల్లారేసరికి పద్దెనిమిది వేలు" అంటూ ఫోన్ చూపించాడు. ఆ ఫోనూ, అందులోని అకౌంటూ ఏజెంటు తెచ్చినవే.

2025 మార్చిలో మియాపూర్, పంజాగుట్ట పోలీసులు ఇలాంటి ప్రమోషన్ల మీద కేసులు పెట్టినప్పుడు వీడియో తీసేయమని చెప్పాను. "రెండేళ్ల కిందటిది ఎవరు చూస్తారు అక్కా" అన్నాడు. పోయిన నెల ఎవరో ఆ ముక్క కట్ చేసి, పక్కనే ఒక తల్లి మాట్లాడిన బైట్ పెట్టి వదిలారు. వాళ్లబ్బాయి ఆ వీడియో చూసే ఆట మొదలుపెట్టాడట. బండి అమ్మేశాడు, చెల్లి పెళ్లికి దాచిన డబ్బు కూడా పోగొట్టాడు. ఆమె తిట్టలేదు. "ఆ బాబు నవ్వుతూ చెప్పాడు, మావాడు నమ్మాడు" అంది, అంతే.

తమ్ముడు భయపడి వీడియో తీసేశాడు, కామెంట్లు ఆపేశాడు. మర్నాడు నాకు చెప్పకుండా స్టోరీ పెట్టాడు: "ఎవరైనా బాధపడి ఉంటే సారీ. నేనొక్కడినే చేశానా, పెద్ద పెద్దవాళ్లు చేయలేదా?" దాంతో మంట రెట్టింపైంది. ఒప్పుకున్న సినిమా పోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో షాపు ఓపెనింగ్‌కి పిలిచినవాళ్లు వద్దన్నారు. అమ్మ కూరగాయలకి వెళ్లడం మానేసింది.

పోయిన పేరు మళ్లీ నిలబెడతామని జూబ్లీహిల్స్‌లో ఒక పీఆర్ ఏజెన్సీ నాలుగు లక్షలు అడుగుతోంది. అనాథాశ్రమంలో అన్నదానం వీడియో, మీమ్ పేజీల్లో పాజిటివ్ పోస్టులు, ఒక యాంకర్‌తో ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూలో ఏడవాలట. తమ్ముడు సరే అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. కానీ ఇంకేం చేయాలో తెలియడం లేదు. ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

---

అమీర్‌పేట్ మిత్రుడు:

ఏమీ చేయకండి అక్కా. నెల రోజులు గమ్మున ఉంటే జనం ఇంకో గొడవలో పడిపోతారు. సారీ చెబితే మీరే మళ్లీ గుర్తు చేసినట్టవుతుంది.

---

పాత పీఆర్వో, ఫిల్మ్‌నగర్:

అమ్మా, ఇరవై రెండేళ్లు పీఆర్వోగా పనిచేశాను. ఆ ఏజెన్సీకి రూపాయి ఇవ్వకండి. వాళ్లు చెప్పిన పనులన్నీ ఒకప్పుడు నేనూ చేసినవాణ్ణే. ఒకసారి ఒక నటుడి కోసం పొగడ్త రాసి పేజీలకు పంపితే, కింద "సాయంత్రం ఆరు తర్వాత వేయండి" అని నేను పెట్టిన మాటతో సహా కాపీ చేసి పెట్టేశారు. అంతకుముందు అతన్ని తిట్టనివాళ్లు కూడా ఆ రాత్రి తిట్టారు. చేసిన తప్పు కంటే కొనుక్కున్న మెచ్చుకోలు ఎక్కువ కాలం వెంటాడింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పైన మిత్రుడు చెప్పినట్టు మౌనంగా ఉండటం పుకారుకి పనిచేస్తుంది. ఇక్కడ పుకారు లేదు. ఒక తల్లి ఉంది.

ముందు మీ తమ్ముడి స్టోరీ సంగతి. విలియం బెనోయిట్ అనే అమెరికన్ ప్రొఫెసర్, పరువు పోయినవాళ్లు ఏమేం మాట్లాడతారో చూసి ఐదు దారులుగా విడదీశాడు. నేను చేయలేదనడం, బాధ్యత తప్పించుకోవడం, అదంత పెద్ద తప్పేం కాదనడం, చెడినదాన్ని సరిచేయడం, తప్పు ఒప్పుకుని క్షమించమనడం. మీ తమ్ముడు "బాధపడి ఉంటే" అన్నాడు. ఆ "ఉంటే" దగ్గరే పడిపోయాడు. కళ్ల ముందు ఒకామె బాధపడుతుంటే "ఉంటే" ఏమిటి? "పెద్దవాళ్లు చేయలేదా" అనేది రెండో దెబ్బ. ఏమీ చెప్పకుండా వీడియో తీసేయడం మూడోది. చివరి రెండు దారుల్లోకి అతను ఇంకా అడుగే పెట్టలేదు.

హ్యూ గ్రాంట్ అనే ఇంగ్లిష్ నటుడు 1995 జూన్‌లో లాస్ ఏంజిలస్‌లో అరెస్టయ్యాడు. రెండు వారాలకే జే లెనో టీవీ షోలో కూర్చుని, తప్పు పని చేశానని చిన్న మాటల్లో ఒప్పుకున్నాడు. చిన్నతనాన్నీ ఒత్తిడినీ అడ్డం పెట్టుకోలేదు. అతని కెరీర్ నిలబడింది. గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్, పెళ్లి దాటిన సంబంధాలు బయటపడ్డాక, 2010 ఫిబ్రవరిలో పదమూడు నిమిషాలకు పైగా రాసుకొచ్చిన క్షమాపణ చదివాడు, ఒక్క ప్రశ్న కూడా తీసుకోలేదు. కొన్ని బ్రాండ్లు అప్పటికే వెళ్లిపోయాయి. జనం అతన్ని మళ్లీ మనసారా మెచ్చుకున్నది 2019లో మాస్టర్స్ టోర్నీ గెలిచినప్పుడు. మధ్యలో తొమ్మిదేళ్లు.

మనకు దగ్గరి ఉదాహరణ ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్. 2018 మార్చిలో కేప్‌టౌన్‌లో బంతిని గీకిన వ్యవహారం, ఏడాది నిషేధం, సన్‌రైజర్స్ కెప్టెన్సీ పోవడం, ఆ ఏడాది ఐపీఎల్‌కి రానివ్వకపోవడం. సిడ్నీలో ప్రెస్‌మీట్ పెట్టి ఏడ్చాడు, కానీ ఇంకెవరికి తెలుసని అడిగితే నేరుగా చెప్పలేదు. ఆ ఏడుపు అతన్ని కాపాడలేదు. శిక్ష పూర్తి చేసి 2019లో వచ్చి 692 పరుగులు కొట్టాడు. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో భార్యాపిల్లలతో తెలుగు పాటలకు స్టెప్పులేస్తే హైదరాబాద్ మొత్తం మురిసిపోయింది. అవే స్టెప్పులు 2018 ఏప్రిల్‌లో వేసి ఉంటే? ముందు శిక్ష, తర్వాత పని, ఆ తర్వాతే నవ్వు. మీ ఏజెన్సీ ఈ వరుసని తిరగేస్తోంది.

అన్నదానం అసలు వద్దు. ఆ పిల్లలు మీ తమ్ముడి వల్ల ఏమీ పోగొట్టుకోలేదు. పోగొట్టుకున్నది వేరే ఇల్లు. ఆ తల్లి ఒప్పుకుంటే కెమెరా లేకుండా వెళ్లి, ఆమె ఏమంటే అది విని రావాలి. వెళ్లామని ఎక్కడా చెప్పుకోకూడదు. తీసుకున్న మూడు లక్షలు కూడా మీ దగ్గర ఉండకూడదు. అది పోయేదాకా ఎన్ని మాటలు చెప్పినా జనం దాన్నే అడుగుతారు, అడగాలి కూడా.

తర్వాత వీడియో. తన గదిలో, తన ఫోన్‌తో, రెండు నిమిషాల లోపు. మ్యూజిక్ వద్దు, థంబ్‌నెయిల్‌లో ఏడుపు మొహం వద్దు, యాడ్స్ ఆపేయండి, కామెంట్లు తెరిచి ఉంచండి. తిట్లు పడనివ్వండి, జవాబు చెప్పొద్దు. నాన్నగారి ఆపరేషన్ మాట రాకూడదు. అది నిజమే, కానీ అక్కడ చెబితే బేరం అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫోన్ ఎవరిదో చెప్పాలి. అతనికి మాత్రమే తెలిసిన నిజం అదొక్కటే. మిగతాదంతా జనానికి ముందే తెలుసు, తెలిసిందే చెబితే అది ఒప్పుకోవడం కాదు.

---

నాంపల్లి అడ్వకేట్:

మేడమ్, పైన సార్ చెప్పినదాంట్లో మనిషిగా నాకు అభ్యంతరం లేదు. లాయర్‌గా ఉంది. వరుస మార్చకపోతే మీ తమ్ముడు చిక్కుల్లో పడతాడు.

తెలంగాణలో 2017 సవరణతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు గేమింగ్ చట్టం కిందికి వచ్చాయి. వీడియో 2023ది కాబట్టి ఆ చట్టంతో పాటు మోసానికి సంబంధించిన పాత ఐపీసీ 420 కూడా మాటకొస్తుంది. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో ఇలాంటి ప్రకటనలకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అది వెనక్కి వెళ్లి వర్తించదు, కానీ పాత లింకు ఏ పేజీలోనైనా మిగిలి ఉంటే ఇప్పుడే తీయించండి. అలాగే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించినవాళ్లకి మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా, ఏడాది దాకా ప్రకటనలు చేయకుండా నిషేధం వేయొచ్చు.

"ఆ అకౌంట్ నాది కాదు" అని కెమెరా ముందు చెబితే అదే సాక్ష్యం అవుతుంది. చెప్పొద్దనడం లేదు. ముందు లాయర్‌తో కూర్చోండి. నోటీసు వచ్చినా రాకపోయినా, ఏజెంటు వివరాలతో పోలీసుల ముందుకి లాయర్ ద్వారా వెళ్లి చెప్పడం ఒక పద్ధతి. సహకరించినవాడు వేరు, దొరికినవాడు వేరు. ఆ తర్వాత వీడియోలో ఏ మాట ఉండాలో లాయర్ చూడాలి.

డిలీట్ చేసిన వీడియో ఒరిజినల్ ఫైలు, ఏజెంటు చాట్లు, బ్యాంకు ఎంట్రీ, ఏదీ చెరపకండి. ఆ తల్లికి మీరే నేరుగా డబ్బు ఇవ్వొద్దు, సాక్షిని కొంటున్నారని అనిపించుకుంటారు. ఇవ్వాలనుకుంటే లాయర్ ద్వారా, కాగితం మీద.

---

ఎల్బీనగర్ తమ్ముడు:

అక్కా, నేను బైక్ ట్యాక్సీ నడుపుతా. నాది వేరే యాప్, వేరే యూట్యూబర్. 1,40,000 పోయింది. పీఆర్ సంగతి నాకు తెల్వదు, నా సంగతి చెప్తా.

మొదటి రోజు మూడు వందలు వచ్చాయి. ఆ తర్వాత అన్నీ పోవుడే. పోయిన ప్రతిసారి రాత్రి ఆ అన్న వీడియో మళ్లీ చూసేవాణ్ణి. అన్నకి వచ్చింది కదా, ఫోన్‌లో చూపించాడు కదా, నాకే రాత బాగాలేదు, నాకే ఆడరాదు అనుకునేవాణ్ణి. యాప్ మీద అనుమానం రాలే, నా మీదే వచ్చింది. ఇంట్లో చెప్పలేకపోయింది కూడా అందుకే. ఆరు నెలల తర్వాత మనసు బాగాలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేశా, అక్కడ మాట్లాడిన మేడమ్‌కే మొదటిసారి మొత్తం చెప్పిన.

ఆ అన్న ఎన్నడన్నా "అది నా ఫోన్ కాదు, నేను గెలవలేదు" అని చెప్తే నాకు డబ్బు తిరిగి రాదు. కానీ నేను పిచ్చోణ్ణి కాదని మా అమ్మకు చూపిస్తా. మీ తమ్ముడు ఏడిస్తే ఎవరికేం లాభం అక్కా? ఆ ఒక్క మాట చెప్తే మాలాంటోళ్లకు చాలు.

---

పాత పీఆర్వో, ఫిల్మ్‌నగర్:

లాయర్ గారి వరుసే సరైనది. నేను వీడియో ముందు అన్నట్టు రాశాను, అది తప్పు. ఆలస్యమైతే జనం తిడతారని భయపడకండి. "చెప్పాల్సింది ముందు చెప్పాల్సినవాళ్లకి చెబుతున్నాను, తర్వాత మీ ముందుకి వస్తాను" అని ఒక్క వాక్యం పెట్టండి, అదీ లాయర్ చూశాకే. ఆ మధ్యలో కామెడీ వీడియోలు, పుట్టినరోజు ఫోటోలు ఏవీ వద్దు.

ఎల్బీనగర్ బాబు రాసింది మీ తమ్ముడి చేత పైకి చదివించండి. నా ఇరవై రెండేళ్ల అనుభవం కంటే అది ఎక్కువ.

---

యూసుఫ్‌గూడ అక్క:

అందరికీ దండాలు. నిన్న రాత్రి తమ్ముడిని కూర్చోబెట్టి మొత్తం చదివించాను. మొదట లాయర్ గారిది చదివి టెన్షన్ పడ్డాడు. ఎల్బీనగర్ బాబు రాసింది రెండుసార్లు చదివాడు. రెండోసారి "నాకే రాత బాగాలేదు" దగ్గర ఆగిపోయాడు. కాసేపటికి, "అక్కా, వాళ్లు అలా అనుకుంటారని నాకు తట్టనే లేదు. నచ్చక తిడుతున్నారనుకున్నా" అన్నాడు.

ఏజెన్సీకి వద్దని చెప్పేశాను. వీడియో ఒరిజినల్ పాత హార్డ్ డిస్క్‌లో దొరికింది. ఏజెంటు చాట్ తమ్ముడి దగ్గర లేదు, నా ఫోన్‌లో ఉంది. "డెమో ఐడీ పంపుతున్నా, అన్నని అదే చూపించమనండి" అన్న మెసేజ్ నాకే వచ్చింది, సరేనని బొటనవేలు పెట్టింది నేనే. ఇన్నాళ్లూ తమ్ముడి తప్పు అంటూ తిరిగాను. లాయర్ దగ్గర నా పేరు కూడా చెబుతాను.

నాన్న మా ఊళ్లో ఉన్న స్థలం కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు, మూడు లక్షలకి ఏం చేయాలో చూడమని. అమ్మ ఇంకా ఏం మాట్లాడలేదు.

తమ్ముడు అర్ధరాత్రి దాకా కాగితం మీద రాస్తూ, చింపుతూ ఉన్నాడు. పొద్దున్న చూస్తే రెండు వాక్యాలు మిగిలాయి. "ఆ ఫోన్ నాది కాదు. ఆ డబ్బు నేను గెలవలేదు." సోమవారం పదకొండు గంటలకి నాంపల్లిలో లాయర్ గారిని కలుస్తున్నాం. ఆ కాగితం, హార్డ్ డిస్క్, నా ఫోన్ తీసుకెళ్తున్నాం.