అప్‌డేట్: ఐసీయూ పోస్టింగే తీసుకున్నాను

కొత్తగా ఫిజియోథెరపీ పాసయ్యాను, ఆసుపత్రిలో మొదటి పోస్టింగ్‌కి ఆర్థో (ఎముకలు, కీళ్ల) వార్డు అడగాలా, ఐసీయూ అడగాలా అని ఇంతకుముందు అడిగాను కదా, మీలో ఎక్కువమంది ఐసీయూ అన్నారు, అదే తీసుకున్నాను.

మొదట్లో ఆ మానిటర్ల మోతకే టెన్షన్. ఇప్పుడు మంచం దగ్గరికి వెళ్లగానే ట్యూబులు, లైన్లు ఎక్కడెక్కడున్నాయో చూసుకుంటాను, ఆ తర్వాతే పేషెంట్‌ని కదిలించడం. నిలబెట్టే ముందు మంచం అంచున కాళ్లు కిందికి వేసి కూర్చోబెట్టి, పాదాలు పైకీ కిందికీ ఆడించమని చెప్పి మళ్లీ బీపీ చూస్తాను, ఎందుకంటే చాలా రోజులు పడుకునే ఉన్నవాళ్లకి లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. ఒక పెద్దాయనకి అలా కూర్చున్న కాసేపటికే చెమటలు పట్టి మొహం పాలిపోయింది, వెంటనే పడుకోబెట్టేశాం. మర్నాడు ఆయనే ఆసరా పట్టుకుని కుర్చీ దాకా నడిచారు!

పక్షవాతం వచ్చినవాళ్లని ఆ చెయ్యి పట్టి లాగి లేపొద్దని బంధువులకి చెప్పడం మాత్రం రోజూ ఉండే పనే, భుజం కీలు జారుతుందంటే అప్పుడు వింటారు.

రాతపని ఇంత ఉంటుందని ఒక్కరూ చెప్పలేదేంటండీ? సాయంత్రం సగం నోట్సుకే పోతోంది. ఆర్థో తర్వాతి రొటేషన్‌లో వస్తుంది, అప్పుడు మళ్లీ మీ బుర్ర తింటాను.