‘తలంచుకొనువాడు’లో ఆ ‘కొను’ ఏం చేస్తోంది?

1 కొరింథీయులకు 10:12: “తాను నిలుచుచున్నానని తలంచుకొనువాడు పడకుండునట్లు జాగ్రత్తగా చూచుకొనవలెను.”

హైదరాబాదు సంఘాల్లో చాలామందికి కంఠతా వచ్చిన వాక్యం ఇది. ఎప్పుడు వాడుతున్నామో చూడండి. పేరున్న సేవకుడి గురించి ఏదో చెడ్డ కబురు బయటికి వస్తుంది, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో ఈ వచనం తిరుగుతూ ఉంటుంది. ‘ఫలానా ఆయన పడ్డాడు చూశారా’ అని చెప్పడానికన్నమాట. వ్యాకరణం మాత్రం అందుకు ఒప్పుకోదు.

‘తలంచు’ వేరు, ‘తలంచుకొను’ వేరు. వంట చేశాడు, వంట చేసుకున్నాడు అన్నప్పటి తేడాయే. ‘కొను’ చేరగానే పని చేసినవాడి దగ్గరికే తిరిగి వస్తుంది. నిలుచున్నానని ఇతనికి ఎవరూ చెప్పలేదు, తనకు తానే అనుకున్నాడు. వాక్యం చివర అదే ‘కొను’ మళ్లీ వచ్చింది: ‘చూచుకొనవలెను’. అనుకున్నవాడు తనను తానే చూసుకోవాలి. పక్క బెంచీలో కూర్చున్నాయన ఈ వాక్యంలో ఎక్కడా లేడు.

గ్రీకు మూలంలో ‘కొను’ లాంటి ప్రత్యయం లేదు. ‘దొకోన్’ అంటే అనుకునేవాడు, ‘బ్లెపెతో’ అంటే చూచుగాక. ‘జాగ్రత్తగా’ అన్న మాటా అక్కడ విడిగా లేదు, చూడమనడంలోనే ఇమిడి ఉంది. తెలుగులో ‘మెట్లు చూసుకో’ అంటే జాగ్రత్త అనేగా! అందుకే ‘జాగ్రత్తగా’ తీసేసినా మన వాక్యానికి లోటు రాదని నా అభిప్రాయం.

అనువాదంతో నాకున్న పేచీ వేరే చోట. ఎనిమిదో వచనంలో “ఒక్క దినముననే యిరువదిమూడువేలమంది కూలిరి” అని ఉంది. ఇక్కడ ‘కూలిరి’, పన్నెండులో ‘పడకుండునట్లు’. గ్రీకులో రెండు చోట్లా ఒకే క్రియ. ఈ పత్రిక రాసిన పౌలు, ఐగుప్తు నుంచి బయటికి వచ్చి అరణ్యంలో కూలిన ఇశ్రాయేలు పితరులను చూపించి, అదే మాటతో కొరింథు సంఘంవాళ్లను హెచ్చరిస్తున్నాడు. పైగా ఆ పితరులు మామూలువాళ్లు కారు. 1 నుంచి 4 దాకా ‘అందరు’ అన్న మాట ఐదుసార్లు వస్తుంది: అందరూ మేఘం కింద ఉన్నారు, అందరూ సముద్రం దాటారు, బాప్తిస్మం పొందారు, తిన్నారు, తాగారు. ఐదో వచనానికి వచ్చేసరికి ‘ఎక్కువమంది’ దేవునికి ఇష్టులు కాలేదు. బాప్తిస్మం తీసుకున్నాం, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసాల ఆచరణలో) పాలు పొందుతున్నాం, ఇంక మాకేం అనుకునే కొరింథువాళ్లకు తగలాల్సిన దెబ్బ ఇది. తెలుగులో మాట మారడంతో ఆ దెబ్బ కొంత మెత్తబడింది.

వ్యాఖ్య (సికింద్రాబాద్ నుంచి): బ్రదర్, వివరణ బాగుంది. కానీ ఇలా చెబితే రక్షణ నిశ్చయత, అంటే దేవుడు మనల్ని రక్షించాడన్న నమ్మకం, ఏమవుతుంది? మా ప్రార్థన కూడికలో కొందరు అక్కలు ఈ వాక్యం విన్నాక ‘నేను నిలబడ్డానో లేదో’ అని టెన్షన్ పడుతూనే ఉంటారు.

జవాబు: సిస్టర్, పదమూడో వచనం కలిపి చదవమనండి. “దేవుడు నమ్మదగినవాడు” అని వెంటనే ఉంది. శోధనతోపాటు తప్పించుకునే మార్గాన్నీ ఆయనే కలుగజేస్తాడట. నిశ్చయతకు ఆధారం ఆయన. పన్నెండో వచనం తప్పుపట్టేది మన ధీమాను. రోమా 11:20లో అదే పౌలు “నీవైతే విశ్వాసమునుబట్టి నిలిచియున్నావు, గర్వింపక భయపడుము” అన్నాడు. నిలిచి ఉన్నావని ఒప్పుకున్నాకే భయపడమన్నాడు. టెన్షన్ పడే అక్కలకు కాదు, ‘అందరూ జారినా నేను జారను’ అన్న పేతురులాంటివాళ్లకు ఈ వాక్యం ముందు వినిపించాలి. అలా అన్న రాత్రే, కోడి కూయకముందే పేతురు యేసును మూడుసార్లు ఎరగనన్నాడు. పాపం, ఆయన అన్నది మనస్ఫూర్తిగానే.

ఇంకో మాట. గ్రీకులో 1 కొరింథీయులకు 10:12, రోమా 11:20 రెండింట్లోనూ ‘నిలుచు’ క్రియ ఒకటే, రూపమూ ఒకలాంటిదే. తెలుగులో ఒకచోట ‘నిలుచుచున్నాను’, మరోచోట ‘నిలిచియున్నావు’. రెండోదే నాకు నచ్చింది. మొదటిది ఇప్పుడే లేచి నిలబడుతున్నట్టు వినిపిస్తుంది.

వ్యాఖ్య (ఉప్పల్ నుంచి): ‘పడ్డవాడు చెడ్డవాడు కాదు’ అంటారు కదా సార్, మరి?

జవాబు: అందులో ‘పడు’ అంటే మాట పడటం, ఓర్చుకోవడం. ఈ పడటం వేరు.

వ్యాఖ్య (ముషీరాబాద్ నుంచి): మా అమ్మమ్మ దీన్ని ‘నిలవడ్డ అనుకునేటోడు పడకుండ పైలంగ ఉండాలె’ అని చెప్పేది. ‘పైలం’ కుదురుతుందా అన్నా?

జవాబు: భేషుగ్గా కుదురుతుంది. ‘అనుకునేటోడు’లో మన ‘కొను’ అలాగే ఉంది. రెండో ‘కొను’ పోయింది, దాంతోపాటు చూపూ పోయింది. ‘పైలంగ చూసుకోవాలె’ అంటే రెండూ దక్కుతాయి.