కొత్త స్పోర్ట్స్ కారులో మాన్యువల్ గేర్‌బాక్స్ ఎంచుకోవడం సబబేనా?

ప్రశ్న: బాటసారి

పన్నెండేళ్లుగా నేను మాన్యువల్ గేర్లున్న మామూలు కార్లే నడుపుతున్నాను. ఇప్పుడు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి కొనగలిగే స్థితికి వచ్చాను. నాకు నచ్చిన మోడల్ ఆరు గేర్ల మాన్యువల్‌తోనూ, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌తోనూ దొరుకుతుంది. ఇంజను, సస్పెన్షన్, బ్రేకులు రెండింటిలోనూ ఒకటే. ఆటోమేటిక్ అయితే వేగం త్వరగా అందుకుంటుంది, ఇంధనం కాస్త తక్కువ తాగుతుంది, రద్దీలో కాలికి శ్రమ ఉండదు. కాగితం మీద చూస్తే మాన్యువల్ తీసుకోవడానికి కారణమే కనిపించడం లేదు.

అయినా మనసు మాన్యువల్ వైపే లాగుతున్నది. ఇది చిన్ననాటి ముచ్చట తప్ప మరేమీ కాదా, లేక ఈ కాలపు కారులో కూడా దానికి నిలబడే కారణం ఉందా అన్నదే నా సందేహం. వారంలో నాలుగైదు రోజులు ఇదే కారులో పనికి వెళ్లాలి. వారాంతాల్లో ఖాళీ ఘాట్ రోడ్ల మీద, ఏడాదికి రెండు మూడు సార్లు ట్రాక్ మీద నడపాలని కోరిక. రెండు రకాలూ చాలాకాలం నడిపినవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం: యంత్రమిత్ర

బాటసారి గారూ, ముందుగా వేగం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే దాని మీద ఇక వాదన లేదు. 1989లో ఫెరారీ 640 స్టీరింగ్ వెనుక వేళ్లతో గేర్లు మార్చే ప్యాడిల్స్‌తో ఫార్ములా వన్‌లోకి వచ్చి, నైజెల్ మాన్సెల్ చేతిలో తొలి పందెమే గెలిచింది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో డ్యూయల్ క్లచ్ మామూలు కొనుగోలుదారుకు అందింది. ఇందులో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు మరొక క్లచ్ ఉంటాయి. మూడో గేరులో పోతుండగానే నాలుగోది సిద్ధంగా పడి ఉంటుంది కాబట్టి, మారే క్షణంలో చక్రాలకు శక్తి దాదాపు ఆగదు. మన చెయ్యి ఎంత చురుకైనదైనా క్లచ్ తొక్కి, గేరు మార్చి, మళ్లీ వదిలేలోపు శక్తి తెగుతుంది. గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో ఉన్న ఇంజనైతే ఆ వ్యవధిలో గాలి ఒత్తిడి కూడా కొంత పడిపోతుంది. 2021లో వచ్చిన పోర్షే 911 జీటీ3ని చూడండి: గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి డ్యూయల్ క్లచ్‌తో 3.4 సెకన్లు, మాన్యువల్‌తో 3.9 సెకన్లు పడుతుందని కంపెనీయే చెబుతున్నది. మాన్యువల్ కారు 17 కిలోలు తేలిక, అయినా అంత తేడా.

విశేషమేమిటంటే అదే కంపెనీ 2013లో జీటీ3కి మాన్యువల్ పూర్తిగా తీసేసింది. 2016లో మాన్యువల్ మాత్రమే ఉన్న 911 ఆర్‌ను 991 కార్లకు పరిమితం చేసి అమ్మితే దానికి వచ్చిన ఆదరణ అంతా ఇంతా కాదు. మరుసటి ఏడాదే జీటీ3కి మాన్యువల్ తిరిగి వచ్చింది. టొయోటా సుప్రా కూడా 2019లో ఆటోమేటిక్‌తోనే వచ్చి, 2022లో మాన్యువల్ చేర్చుకుంది. కొన్నవాళ్లకు గడియారం చూడటం రాక కాదు కదా. కారు తమ చేతిలో ఉందన్న భావానికి వాళ్లు డబ్బు పెట్టారు, ఆ కారణం నా దృష్టిలో చిన్నది కాదు.

అయితే ఒక హెచ్చరిక. మాన్యువల్ అని పేరుంటే చాలు, ఆ ఆనందం దొరుకుతుందనుకోకండి. చాలామంది చూడని విషయం గేర్ల నిష్పత్తి, అంటే ఒక్కో గేరు ఎంత వేగం వరకు లాగుతుందన్నది. శబ్ద, ఉద్గార నియమాల ఒత్తిడి వల్ల ఈ కాలపు కార్లలో గేర్లు మరీ పొడవుగా ఉంటున్నాయి. పోర్షే 718 కేమన్ జీటీ4లో రెండో గేరే గంటకు 130 కిలోమీటర్లు దాటి లాగుతుంది. అలాంటి కారులో ఘాట్ రోడ్డంతా రెండో గేరులోనే గడిచిపోతుంది, గేరు మార్చే పనే తగలదు. మాజ్డా ఎంఎక్స్-5 లాంటి తేలిక కారులో ఇంజను శక్తి తక్కువ, గేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి, మామూలు వేగంలోనే రెండు, మూడు, నాలుగు గేర్ల మధ్య చేతికి పని దొరుకుతుంది. ఆరు వేల ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) పైన ప్రాణం పోసుకునే టర్బో లేని ఇంజనుకు మాన్యువల్ ఎంతగా కుదురుతుందో, రెండు వేల దగ్గరే పూర్తి టార్క్ (తిప్పే బలం) ఇచ్చేసే టర్బో ఇంజనుకు అంతగా కుదరదు, ఏ గేరులో ఉన్నా అది లాగేస్తుంది కనుక.

ఇంకొకటి: ఇంజను రెండింటిలో ఒకటే అని బ్రోషర్ చూసి నమ్మకండి. బీఎండబ్ల్యూ ఎం3లో మాన్యువల్ కారుకు 550 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, ఆటోమేటిక్ మాత్రమే ఉన్న కాంపిటీషన్ రకానికి 650 ఇచ్చారు. మీరు చూస్తున్న కారులో ఆ అంకెలు విడివిడిగా సరిచూసుకోండి.

సమాధానం: వేగవతి

నేను రెండూ నడిపాను: ఆరేళ్లు మాన్యువల్, తరువాత మూడేళ్లు డ్యూయల్ క్లచ్, ఇప్పుడు మళ్లీ మాన్యువల్. ట్రాక్ గురించి మాత్రమే చెబుతాను.

డ్యూయల్ క్లచ్ కారుతో ల్యాప్ (ట్రాక్ ఒక చుట్టు) సమయం మెరుగుపడింది, అందులో అనుమానం లేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటాయి, బ్రేకు మీద మనసు నిలుస్తుంది, మలుపులో కారు ఏ దారిలో పోతున్నదో గమనించే తీరిక ఉంటుంది. కొత్తగా ట్రాక్‌కు వచ్చేవారు మలుపుల గీత, బ్రేకు వేసే చోటు నేర్చుకోవడానికి అది సులభమని నేను నిజంగా నమ్ముతాను. కానీ మూడో ఏడాదికి నాకు ఒక లోటు తెలిసింది. ల్యాప్ బాగా వచ్చినా, అందులో ఏ భాగం నాదో చెప్పలేకపోయేదాన్ని. మాన్యువల్‌లో అలా కాదు. వేగం మీద వస్తూ కుడికాలి మునివేళ్లతో బ్రేకు తొక్కుతూనే, అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తాకించి, ఇంజను ఆర్‌పీఎమ్‌ను కింది గేరుకు సరిపోయేంత లేపి, అప్పుడు క్లచ్ వదలాలి. అది కుదిరిన మలుపు ఇంటికి వెళ్లాక కూడా గుర్తుంటుంది. కుదరకపోతే వెనుక చక్రాలు కుదుపుతో ఎదురు తిరుగుతాయి, తప్పు ఎవరిదో వెంటనే తెలుస్తుంది.

ఈ పని కారే చేసిపెట్టే సదుపాయం ఇప్పుడు చాలా మాన్యువల్ కార్లలో ఉంది. నిస్సాన్ 370జడ్‌తో 2009 మోడల్ నాటికే అది వచ్చింది. మీరు కొనేదానిలో ఉంటే మంచిదే, కానీ దాన్ని విడిగా ఆపుకునే వీలుందా అని అడగండి. కొన్ని కార్లలో అది ఆగాలంటే కారు అదుపు తప్పి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆపాల్సి వస్తుంది, అది నేర్చుకునేవారికి మంచిది కాదు.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. నాలుగో గేరు నుంచి ఐదుకు వేయబోయి నేను ఒకసారి మూడులో వేశాను. పైకి పోతున్నప్పుడు యాక్సిలరేటర్ ఎంత నొక్కినా, హద్దు దాటి తిరగనివ్వని రెవ్ లిమిటర్ ఇంజనును కాపాడుతుంది. తప్పు గేరులో క్లచ్ వదిలినప్పుడు మాత్రం చక్రాలే ఇంజనును బలవంతంగా తిప్పుతాయి కాబట్టి ఏ లిమిటరూ అడ్డుకోలేదు. వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను మొత్తం పాడయ్యే అవకాశం ఉంటుంది. నేను అరక్షణంలో మళ్లీ క్లచ్ తొక్కాను కనుక బతికిపోయింది. డ్యూయల్ క్లచ్‌లో కంప్యూటరు అలాంటి గేరును ఒప్పుకోదు. కాబట్టి ట్రాక్ మీద మాన్యువల్ నడపదలిస్తే గేరు రాడ్డును పిడికిలితో లాగకుండా, అరచేతితో కావలసిన వైపుకు నెట్టడం ముందే అలవాటు చేసుకోండి. పాత కారు కొంటున్నారా, ఇంజను ఎన్నిసార్లు హద్దు దాటి తిరిగిందో కొన్ని కంపెనీల కార్ల కంప్యూటర్లలో నమోదై ఉంటుంది. డబ్బు చెల్లించకముందే ఆ వివరం తీయించుకుని చూడండి.

సమాధానం: నిదానస్థుడు

పైవారిద్దరూ చెప్పినది నిజమే కానీ, మీరు రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: వారంలో నాలుగైదు రోజులు పనికి ఇదే కారు.

నేను కూడా ఇదే ఆలోచనతో మాన్యువల్ స్పోర్ట్స్ కారు కొని, ఏడాదిన్నరకు అమ్మేశాను. కారు అద్భుతమైనది, తప్పు దానిది కాదు. ఎక్కువ టార్క్‌ను జారకుండా పట్టుకోవాలంటే క్లచ్‌లోని స్ప్రింగు బలంగా ఉండాలి, ఆ బలం ఎంతో కొంత మన ఎడమకాలికి తెలియకుండా పోదు. మామూలు కారు క్లచ్‌తో పన్నెండేళ్లు నడిపిన అనుభవం ఇక్కడ సరిపోకపోవచ్చు. రోజూ గంటన్నర పాటు పది అడుగులు కదిలి ఆగే దారిలో నా మోకాలికి నొప్పి మొదలైంది, మనసుకు విసుగు మొదలైంది. వారాంతం వచ్చేసరికి ఆ కారును చూస్తేనే అలసటగా ఉండేది. ముందు వాహనాన్ని బట్టి దానంతట అదే ఆగి మళ్లీ కదిలే క్రూజ్ కంట్రోల్ కూడా మాన్యువల్‌లో పూర్తిగా పనిచేయదు, క్లచ్ తొక్కవలసినది మనమే కాబట్టి. వారం పొడుగునా చిరాకు పెట్టిన కారును ఆదివారం ప్రేమించడం నా వల్ల కాలేదు.

మీకు ఇంకో కారు ఉండి, ఇది వారాంతాలకే అయితే మాన్యువల్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. ఇదొక్కటే కారైతే, మీ రోజువారీ దారిలో ఎన్ని నిమిషాలు మొదటి గేరులో గడుస్తాయో వారం పాటు లెక్కపెట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు: బాటసారి

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిదానస్థుడు గారు చెప్పినట్టు వారం రోజులు లెక్కపెట్టాను. పొద్దున పనికి గంట ముందుగా బయలుదేరుతాను కాబట్టి వెళ్లేటప్పుడు దారి ఖాళీగానే ఉంటుంది. తిరుగు దారిలో సుమారు ఇరవై నిమిషాలు నత్తనడక. నిన్న రెండు కార్లనూ ఒకే దారిలో నడిపి చూశాను. మాన్యువల్‌లో రెండో గేరు గంటకు వంద దాటకముందే ఎరుపు గీతకు (ఇంజను తిరిగే హద్దుకు) చేరింది, మూడో గేరుకు ఎప్పుడూ పని దొరికింది. క్లచ్ నేను భయపడినంత బరువుగా లేదు. ఆటోమేటిక్ కారు నన్ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు, కానీ దిగిన తరువాత దాని గురించి చెప్పడానికి నాకేమీ మిగలలేదు.

ఒక్క విషయమే నచ్చలేదు. మాన్యువల్‌లో పై గేరుకు మార్చేటప్పుడు యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎమ్ వెంటనే దిగకుండా కాసేపు అక్కడే వేలాడుతున్నది. అందువల్ల నా మార్పులు కుదుపుగా వచ్చాయి. ఇది కారు లోపమా, నా లోపమా?

సమాధానం: యంత్రమిత్ర

లోపం మీది కాదు. ఉద్గారాలు అదుపులో ఉంచడానికి కొత్త ఇంజన్లలో కంప్యూటరు థ్రాటిల్‌ను (ఇంజనుకు గాలి వదిలే మూతను) ఒక్కసారిగా మూయకుండా మెల్లగా మూస్తుంది. ఇంజనుతో పాటు తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్, బరువైనదైతే ఆ వేలాట ఇంకా ఎక్కువవుతుంది. దీన్ని పూర్తిగా పోగొట్టలేరు. అయితే క్లచ్ తొక్కడానికి రవ్వంత ముందే యాక్సిలరేటర్ వదలడం అలవాటు చేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మీ పాత కారు అలవాటు కాలిలో ఉంది కాబట్టి కొన్ని వారాలు పడుతుంది. కొనేముందు మరొక్కసారి, ఇంజను బాగా వేడెక్కిన తరువాత నడిపి చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఆ వేలాట ఎక్కువగా ఉంటుంది, నిన్న మీకు ఇచ్చిన కారు అప్పుడే స్టార్ట్ చేసినదై ఉండవచ్చు.