ప్యాకర్ బిల్డ్ ఒకసారి పాసవుతోంది, ఒకసారి ఫెయిలవుతోంది, ఎవరైనా చూస్తారా?

అందరికీ నమస్కారం. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబై రీజియన్‌లో ఉబుంటు 22.04 మీద ప్యాకర్ అనే టూల్‌తో ఏఎంఐ, అంటే సర్వర్లు మొదలుపెట్టడానికి వాడే రెడీమేడ్ మెషిన్ ఇమేజ్, తయారు చేస్తున్నాను. నాకిది కొత్త, కాబట్టి ప్రశ్న చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే ఏమనుకోకండి.

షెల్ ప్రొవిజనర్‌లో, అంటే ప్యాకర్ ఆ మెషిన్ లోపల నడిపే కమాండ్లలో, ఉన్నవి రెండే లైన్లు: ఆప్ట్ అప్‌డేట్ (ప్యాకేజీల జాబితా తాజా చేయడం), తర్వాత ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఇన్‌స్టాల్. పొద్దున నడిపితే శుభ్రంగా ఇమేజ్ వస్తుంది, మధ్యాహ్నం ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ నడిపితే "ఆ ప్యాకేజీ దొరకలేదు" అని ఆగిపోతుంది, ఇంకోసారి డీపీకేజీ లాక్ (ఒకేసారి ఇద్దరు ఇన్‌స్టాల్ చేయకుండా వేసే తాళం) వేరే ప్రాసెస్ దగ్గర ఉందంటుంది. ఎర్రర్ వస్తే మెషిన్‌ను వెంటనే తీసేయకుండా నన్ను అడిగేలా ఆన్-ఎర్రర్ ఆస్క్ పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికెళ్లి అవే రెండు కమాండ్లు చేత్తో కొట్టాను. మారు మాట్లాడకుండా ఇన్‌స్టాల్ అయిపోయింది! అంటే ఎస్‌ఎస్‌హెచ్ తెరుచుకోగానే ప్యాకర్ దూకేస్తోంది, అప్పటికి మెషిన్ మొదటిసారి లేచినప్పుడు దాన్ని సెటప్ చేసే క్లౌడ్-ఇనిట్ తన పని ఇంకా ముగించలేదు, అదే గొడవని నా అనుమానం.

మొదట్లో స్లీప్ 30, అంటే 30 సెకన్లు ఆగమని, పెట్టాను. అయినా పదిసార్లలో రెండు మూడుసార్లు ఫెయిలవుతోంది, 60 చేస్తే తగ్గింది గానీ ఇది వైద్యం కాదు, నాటు మందు.

ఇప్పుడు మొదటి లైన్‌గా క్లౌడ్-ఇనిట్ పని ముగిసేదాకా ఆగేలా క్లౌడ్-ఇనిట్ స్టేటస్ కమాండ్‌కి వెయిట్ ఆప్షన్ ఇద్దామనుకుంటున్నాను. అది ఒక్కటే సరిపోతుందా, లేక అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ (ఉబుంటు తనంతట తానే చేసుకునే అప్‌డేట్లు) పట్టుకునే లాక్ వదిలేదాకా ఆగేలా ఆప్ట్‌కి లాక్ టైమౌట్ కూడా ఇవ్వాలా? ఆ టైమౌట్ అప్‌డేట్ లైన్‌కి కూడా పనిచేస్తుందా, ఇన్‌స్టాల్‌కి మాత్రమేనా? మీ దగ్గర రోజూ నడిచే ఫైల్ ఉంటే ఆ నాలుగు లైన్లు పెట్టండి చాలు.